కంప్యూటరును కడుగుటకు ముందు

సంక్రాంతికి ఇంటికి వెల్ల వేయించునపుడు మనము చేయు మొదటి పని యేది? సున్నము కలుపుట కాదు. అటకమీది బిందెలు దింపి లెక్కపెట్టుట, గోడల మీది పటములు తీసి గుడ్డలో చుట్టుట, దేవుని గూటిలోని వస్తువులను వేరుగా భద్రపరచుట. వెల్ల వేయువానికి గోడ కనబడును గాని, గోడకు వ్రేలాడు పటము ఎవరిదో, పోయిన మరల దొరకునో దొరకదో వానికి తెలియదు. తెలిసినది ఇల్లాలికే. మన యిండ్లలో ఒక మూల బల్లమీద కూర్చున్న కంప్యూటరు విషయమునను న్యాయము ఇదియే. కాని, దానిని శుద్ధి చేయునాడు మాత్రము మనము "అది మగవారి పని, లేదా అంగడివాని పని" యని తప్పుకొనుచున్నాము. అట్లు తప్పుకొని మేము పోగొట్టుకొన్నదేమో, పిదప నేర్చుకొన్నదేమో చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

కంప్యూటరును కడుగుట యని మేమనునది, దానిలోని ఆపరేటింగు సిస్టమును తొలగించి మరల క్రొత్తగా ఎక్కించుటను. ఆపరేటింగు సిస్టమనగా మనకును యంత్రమునకును నడుమ నుండి, మనము కోరిన పనిని దానిచేత చేయించు మూలవ్యవస్థ. విండోసు అట్టిది, లినక్సు అట్టిది. కాలము గడచిన కొలది అక్కరలేని సాఫ్టువేర్లు పేరుకొనియో, వైరసు సోకియో యంత్రము మందగించును. అప్పుడు ఈ శుద్ధి అవసరమగును. మఱియు, విండోసు 10 అనుదానికి మైక్రోసాఫ్టు సంస్థ ఉచితముగా ఇచ్చుచుండిన సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినందున, అనేక గృహములలో క్రొత్తదానికి మారవలసిన పని వచ్చిపడినది. మా యింటను అదే జరిగినది. కాని, అది మాకు రెండవ శుద్ధి. మొదటిదాని కథ ముందు చెప్పవలెను.

మా అత్తగారు పాతకాలపు పాటలు అనేకము ఎరిగినవారు. నలుగు పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు ఆమె కంఠమున నుండెను గాని ఏ పుస్తకమునను లేవు. 2021వ సంవత్సరమున, కరోనా భయమున ఎచ్చటికిని కదలక ఇంట నున్న దినములలో, సాయంకాలము దీపము పెట్టిన తరువాత ఆమె పాడుచుండగా మేము ఫోనులో పట్టితిమి. ఇరువది మూడు పాటలు. ఫోను నిండిపోగా వానిని కంప్యూటరులోనికి మార్చి, ఫోనులోనివి తుడిచివేసితిమి. మరుసటి యేడు ఆమె పరమపదించిరి.

2023లో కంప్యూటరు మిక్కిలి మందగించెను. మావారు పాఠశాలకు వెళ్లియుండగా అంగడి కుర్రవాడు యింటికి వచ్చి, "అమ్మా, సి డ్రైవులో ఏమైనా ఉన్నాయాండీ?" అని యడిగెను. మావారు తమ ప్రశ్నపత్రములన్నియు డి డ్రైవులో ఉంచుదురని మేము ఎరుగుదుము. కావున, "సి లో ఏమీ లేవు నాయనా, అన్నీ డి లోనే ఉన్నాయి" అంటిమి. గంటసేపటిలో పని ముగిసెను. యంత్రము చురుకుగా నడచెను. ఆ రాత్రి మావారు తెరను చూచి, "అమ్మ పాటల ఫోల్డరు ఏది?" అనిరి. అది కంప్యూటరు తెరిచిన వెంటనే కనబడు మొదటి తెరమీద, డెస్కుటాపు అనుచోట, ఉండెడిది. డెస్కుటాపు అనునది సి డ్రైవులోని భాగమేయని మాకప్పుడు తెలియదు. కన్నులయెదుట కనబడుచుండిన దానినే మేము లేదని చెప్పితిమి. ఆ కుర్రవాని దోషమేమియు లేదు. అతడు అడుగవలసినది అడిగెను. మేమే తెలియక జవాబిచ్చితిమి. మావారు ఒక్క మాటయు అనలేదు. అందుచేత మా దుఃఖము మఱింత యెక్కువయ్యెను.

ఆ తరువాత ఈ విషయమును శ్రద్ధగా తెలిసికొంటిమి. రెండవమారు శుద్ధి చేయునపుడు మేము అనుసరించిన క్రమమును ఇచ్చట చెప్పెదము.

మొట్టమొదట ఒక కాగితము తీసికొని పట్టిక వ్రాయవలెను. "కంప్యూటరులో ఏమున్నవి?" అని అడిగిన ఎవరును సరిగా చెప్పలేరు. "ఏది పోయిన మరల రాదు?" అని అడుగవలెను. సాఫ్టువేర్లు మరల తెచ్చుకొనవచ్చును. సినిమాలు మరల చూడవచ్చును. పిల్లల బాల్యపు ఛాయాచిత్రములు, పెద్దల కంఠస్వరము, ఒకరు కూర్చుండి వ్రాసిన వ్రాత, ఏండ్లనాటి యింటి లెక్కలు, ఇవి పోయిన మరల రావు. ఇంటిలోని ప్రతివారిని పిలిచి వేరువేరుగా అడుగవలెను. మేమట్లు అడుగగా, మా పెద్దమ్మాయి తాను రెండేండ్లనుండి వ్రాసికొన్న కథలు డౌన్‌లోడ్సు అను ఫోల్డరులో దాచుకొన్నదని తెలిసినది. అది ఎవరికిని తెలియని రహస్యము! అడుగనిచో అదియు మట్టిపాలయ్యెడిది.

విండోసు యంత్రములలో డెస్కుటాపు, డాక్యుమెంట్సు, పిక్చర్సు, డౌన్‌లోడ్సు అను ఈ నాలుగు ఫోల్డర్లును మామూలుగా సి డ్రైవులో యూజర్సు అను ఫోల్డరునందు, మన పేరిట నుండును. వీనితోబాటు కంటికి కనబడని వస్తువులు కొన్ని కలవు. మనము గుర్తుపెట్టుకొన్న వెబ్‌సైటుల చిరునామాలు, బ్రౌజరు జ్ఞాపకముంచుకొన్న పాస్‌వర్డులు, లెక్కల సాఫ్టువేరు తనలో దాచుకొను ఖాతాలు అట్టివి. ఇవి యాప్‌డేటా వంటి దాచబడిన ఫోల్డర్లలో నుండును. ఏ సాఫ్టువేరు తన సరకును ఎచ్చట ఉంచుచున్నదో ముందుగా కనుగొని, దానినుండి బయటికి తీసి పెట్టుకొనవలెను.

ఇక తెలుగు వ్రాసెడు యిండ్లవారు ప్రత్యేకముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. మా మామగారు జీవించియుండగా ఒక శతకమునకు వ్రాసికొన్న టీకను మావారు చాల యేండ్ల క్రిందట 'అను' అను పేరుగల పాత ఫాంటులతో టైపు చేసిరి. ఆ పద్ధతిలో తెలుగు అక్షరమునకు కంప్యూటరులో స్వంత స్థానము లేదు. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపులు కూర్చుండియుండును. ఆ ఫాంటు యంత్రమున నున్నంతకాలము అది చక్కని తెలుగు. ఫాంటు పోయెనా, ఫైలు చెక్కుచెదరక యున్నను తెరమీద అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల గుంపు కనబడును. యూనికోడు పద్ధతి అట్లు కాదు. 1991లో వెలువడిన దాని మొదటి ప్రతినుండియు తెలుగు అక్షరములకు వేరుగా సంఖ్యలు కేటాయింపబడియున్నవి. ఆ పద్ధతిలో వ్రాసినది ఏ యంత్రమునందైనను తెలుగుగనే కనబడును. కాబట్టి, పాత ఫాంటులతో వ్రాసిన కాగితములు గలవారు ఫైళ్లనే గాక ఫాంటులను గూడ వెంట తీసికొనవలెను. అంతటితో తృప్తిపడక, శుద్ధికి ముందే ఆ వ్రాతలను పి.డి.ఎఫ్. రూపమునకు మార్చుకొనవలెను. అందులో ఫాంటు ఫైలుతోబాటు ఇమిడియుండునట్లు చేసికొనవచ్చును. మేము ఆ టీక యంతయు అట్లు మార్చి, మొదటి పుటయు కడపటి పుటయు చదివి చూచుకొంటిమి.

పట్టిక సిద్ధమైన పిదప నకలు తీయుట. ఇచ్చట చాలమంది పొరబడుదురు. సి లోని వానిని డి లోనికి మార్చి, ఇక భయము లేదనుకొందురు. అనేక యంత్రములలో సి, డి అనునవి రెండును ఒకే డిస్కులో గీత గీసి విడదీసిన రెండు గదులు. ఇల్లు కూలిన రెండు గదులును కూలును. అంతేగాక, విండోసు ఎక్కించునపుడు కనబడు పట్టికలో ఆ భాగములు మనకు పరిచితమైన సి, డి అను గుర్తులతో గాక అంకెలతో కనబడును. ఆ సమయమున ఒక్క వరుస పొరబాటుగా తుడిచిన చాలును. కావున, నకలు యంత్రమునకు వెలుపల, వేరుగా నుండు హార్డు డిస్కులోనికి తీయవలెను.

ఒక్క నకలు చాలునా? చాలదు. పీటర్ క్రో అను అమెరికా ఛాయాగ్రాహకుడు ప్రచారములోనికి తెచ్చిన నియమమొకటి కలదు. దానిని మూడు-రెండు-ఒకటి యందురు. విలువైన ప్రతి వస్తువునకును మూడు ప్రతులుండవలెను. అవి రెండు రకముల సాధనములమీద నుండవలెను. అందొకటి ఇంటికి వెలుపల నుండవలెను. అగ్నిభయము, వరదభయము, దొంగభయము ఇంటనున్న ప్రతులన్నిటికిని ఒక్కసారే వచ్చును గదా!

ఈ నియమపు విలువ తెలుపు వృత్తాంతమొకటి చెప్పెదము. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థ 'టాయ్ స్టోరీ 2' అను బొమ్మల చిత్రము తయారు చేయుచుండెను. ఒకనాడు ఎవరో పొరబాటున ఇచ్చిన ఆజ్ఞచేత కంప్యూటర్లలోని చిత్రము చాలవరకు చెరిగిపోయెను. భద్రముగా నున్నదనుకొన్న నకలును తెరచి చూడగా, అది సరిగా పనిచేయుటలేదని అప్పుడు తెలిసినది. ఆ చిత్రమునకు సాంకేతిక పర్యవేక్షకురాలైన గాలిన్ సుస్మాన్ అను ఆమె, బిడ్డను కని ఇంటనుండి పనిచేయుచు, చిత్రపు ప్రతినొకదానిని తన యింటి కంప్యూటరులో ఉంచుకొనెను. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి కారులో జాగ్రత్తగా తెచ్చిరి. చిత్రములో అధికభాగము దానివలన దక్కెను. ఎందరో నిపుణులున్న సంస్థను కాపాడినది ఒక బాలింత యింటనున్న ప్రతి. ఆ వృత్తాంతము చదివినప్పుడు మాకు కలిగిన సంతోషము ఇంతింతయని చెప్పలేము.

కొందరు, "మావన్నియు ఆకాశమున, క్లౌడులో ఉన్నవి" యందురు. మంచిదే. కాని, కంప్యూటరుతో ముడిపడి నడచు క్లౌడు ఫోల్డరు అద్దమువంటిది. ఇచ్చట ఉన్నది అచ్చట కనబడును. ఇచ్చట తుడిచినది అచ్చటను తుడిచిపోవును. చెత్తబుట్టలో కొన్ని దినములుండును గాని ఆ గడువు దాటిన దొరకదు. కావున, దానిని మూడింటిలో ఒక ప్రతిగా లెక్కింపవచ్చును గాని దానినే నమ్ముకొనరాదు. మేము రెండు హార్డు డిస్కులు కొని, ఒకటి మా బీరువాలో ఉంచి, రెండవది ఊరిలోనే వేరొక వీధినున్న మా తోడికోడలి యింట ఉంచితిమి. ఆమె పిల్లల ఛాయాచిత్రముల డిస్కు మా యింట నున్నది. పూర్వము ఒకరి పత్రములు ఒకరి పెట్టెలో దాచుట వంటిదే ఇది.

నకలు తీసిన పిదప పరీక్షింపవలెను. ఇది అన్నిటికంటె ముఖ్యము. ఫోల్డరు పేరు కనబడినంత మాత్రమున లోపలి వస్తువున్నట్లు కాదు. అసలు ఫోల్డరులోని ఫైళ్ల సంఖ్యయు పరిమాణమును, నకలులోని సంఖ్యయు పరిమాణమును సరిపోల్చవలెను. ఆపైన ఆ డిస్కును వేరొక కంప్యూటరునకు తగిలించి, అక్కడక్కడ ఫైళ్లు తెరచి చూడవలెను. పాటయైనచో నడుమనుండి వినవలెను. ఊరగాయ జాడీకి వాసెన కట్టి అటకపై పెట్టినంత మాత్రమున చాలదు, మధ్య మధ్య మూత తీసి చూడవలెనని మనకు తెలియనిదా?

తాళముల సంగతి మరువరాదు. నేటి కంప్యూటర్లలో చాలవాటిలో డిస్కుకు బిట్‌లాకరు అను గుప్తరక్షణ యుండును. ఒకప్పుడు దానిని తెరచుటకు నలువది యెనిమిది అంకెలుగల తాళసంఖ్య అడుగును. అది లేనిచో స్వంత సరకు స్వంతవారికే దక్కదు. ఆ సంఖ్యను, విండోసు ఖాతా పేరును, ఈమెయిలు పాస్‌వర్డును ముందే ఒక పుస్తకమున చేతితో వ్రాసి నగలపెట్టెలో ఉంచుకొనవలెను. వానిని కంప్యూటరులోనే వ్రాసి ఉంచుట, తాళపుచెవిని పెట్టెలోపల పెట్టి మూత వేయుటయే.

శుద్ధి జరుగు దినమున రెండు హెచ్చరికలు. విండోసు ఎక్కించుటకు కనీసము 8 జి.బి. గల పెన్ డ్రైవు నొకదానిని తయారు చేయుదురు. తయారు చేయునపుడు దానిలో అంతకుముందున్నదంతయు చెరిగిపోవును. నకలు తీసిన పెన్ డ్రైవునే ఆ పనికి ఇచ్చినచో, రక్షించిన చేతితోనే నాశనము చేసినట్లగును. రెండవది, పని మొదలుపెట్టక మునుపే నకలున్న డిస్కును ఊడదీసి వేరుగా పెట్టవలెను. తగిలించియున్న డిస్కు ఏ పొరబాటునకైనను గురికావచ్చును. 'కీప్ మై ఫైల్స్', అనగా మన ఫైళ్లను ఉంచుమని చెప్పు ఏర్పాటు కూడ విండోసులో కలదు. సాఫ్టువేర్లు పోయినను ఫైళ్లు నిలుచునట్లు అది పనిచేయును. కాని, నడుమ కరెంటు పోయిన గతి యేమి? నకలు తీసిన తరువాతనే దానిని నొక్కవలెను.

కంప్యూటరును అంగడికి పంపువారు మఱియొక సంగతి తలపవలెను. దానిలో మన యాడుపిల్లల ఛాయాచిత్రములు, బ్యాంకు కాగితములు, ఆధారు ప్రతులు ఉండును. నకలు తీసి పరీక్షించిన తరువాత వానిని యంత్రమునుండి తొలగించి పంపుట మేలు. ఏది తుడువవలెనో, ఏది ముట్టుకొనరాదో కాగితముమీద వ్రాసి ఇచ్చుట మర్యాదయు క్షేమమును. నోటిమాటగా "ఏమీ లేవు నాయనా" అనుట యెంత ప్రమాదమో మాకు తెలిసినంతగా ఎవరికి తెలియును?

ఒకవేళ తుడిచిన పిదప తెలిసినచో, ఆ క్షణమే యంత్రమును ఆపవలెను. దానిపై క్రొత్త సరకు ఎక్కింపరాదు. తిరుగు పళ్లెముగల పాత డిస్కులలో, పైన క్రొత్తది వ్రాయబడనంతవరకు, నిపుణులు కొంత వెలికి తీయగలరు. ఎస్.ఎస్.డి. యను నేటి డిస్కులలో తుడిచిన స్థలమును యంత్రమే ఖాళీ చేసికొనును గనుక ఆ యాశ చాల తక్కువ. మాది ఆ రెండవ రకము. మేము తెలిసికొని చూపించునాటికి ఏమియు దక్కలేదు.

ఏమియు దక్కలేదంటిమి గాని, ఒకటి దక్కినది. 2021లోనే మా ఆడపడుచు గారు విజయనగరమునుండి, అమ్మ కంఠము వినవలెనని యున్నదని అడుగగా, ఒక మంగళహారతిని ఆమెకు వాట్సాపులో పంపియుంటిమి. ఆ సంగతియే మరచితిమి. రెండేండ్ల తరువాత సంవత్సరీకమునకు వచ్చినపుడు ఆమె తన ఫోనులోనుండి దానిని వినిపించెను. వెనుక వంటయింటి కుక్కరు ఈలయు, మా చిన్నవాని అల్లరియు వినబడుచుండగా అత్తగారి కంఠము. ఇరువది మూడింటిలో ఇదొక్కటి నిలిచినది. భద్రముగా దాచితిమనుకొన్నవి పోయినవి. ఒకరికి ఇచ్చినది మిగిలినది.

మన వాఙ్మయమును అట్లే నిలిచినది. తాటియాకు శాశ్వతము కాదు. పురుగు తినును, అంచు విరుగును. పాత ప్రతి శిథిలము కాకమునుపే వేరొకరు కూర్చుండి క్రొత్త యాకులమీద ప్రతి వ్రాసికొనిరి. అట్లు ఊరూర ప్రతులున్న గ్రంథములు బ్రదికినవి. ప్రతులు కరువైన నన్నెచోడుని కుమారసంభవము తెలుగువారు మరచియుండగా, మానవల్లి రామకృష్ణకవి గారు తాళపత్రప్రతినుండి వెలికి తీసి 1909లో ప్రకటించిరి. ప్రతి దొరకని గ్రంథములకు పేరు మాత్రమే మిగిలినది, కొన్నిటికి అదియు లేదు.

రెండవ శుద్ధి మా యింట మొన్న కార్తికమాసమున జరిగెను. మామగారి టీక, పెద్దమ్మాయి కథలు, మావారి ప్రశ్నపత్రములు, పిల్లల ఛాయాచిత్రములు అన్నియు పట్టికతో సరిచూచి మరల యంత్రమున చేర్చితిమి. ఆ ఒక్క మంగళహారతి నేడు మా రెండు డిస్కులలోను, ఆడపడుచు గారి ఫోనులోను, మా పెద్దమ్మాయి కంఠమునను కూడ ఉన్నది. దాని చరణములు ఆమె నేర్చుకొనినది.

సోదరీమణులారా! మీ యింటి కంప్యూటరును ఎవరు శుద్ధి చేసినను చేయనిండు. కాని, దానికి ముందు కాగితమును కలమును మీరు తీసికొనుడు. ఏది మరల రానిదో మీకే తెలియును. ఇంట పెద్దల కంఠము, పిల్లల చేతివ్రాత ఉన్నచో, వానికి ఈ వారముననే రెండవ ప్రతి తీసి, తెరచి చూచి, నమ్మినవారి యింట ఒకటి ఉంచుడని మా మనవి.